మోటారు సైకిలు చేతిపిడులను ఇంటియొద్దనే మార్చుకొనుట

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వీధులయందు నేడు మోటారు సైకిలు సర్వసాధారణమైన వాహనము. బండి యెన్ని కిలోమీటర్లు పోవునని విచారించువారు పలువురు గలరు గాని, తమ యఱచేతులకు నిత్యము తగులుచుండు రబ్బరు పిడులను గూర్చి తలచువారు మిక్కిలి తక్కువ. వానినే మెకానిక్కులు గ్రిప్పులందురు. మేమును ఒకప్పుడు వానిని లెక్కచేయనివారమే.

గత వేసవిలో మేము జమ్మలమడుగునుండి ముద్దనూరు మీదుగా పులివెందులకు బోవుచుంటిమి. నాపరాళ్లు నింపుకొన్న లారీ యొకటి ముందు మెల్లగా సాగుచుండెను. దానిని దాటిపోవలెనని కుడిపిడిని బలముగా ద్రిప్పితిమి. పిడి చేతిలో గిఱ్ఱున దిరిగెను గాని బండి వేగము పెరుగలేదు. లారీ ప్రక్కన మేము, ఎదుట వచ్చుచున్న బస్సు! వెంటనే బ్రేకు వేసి వెనుకకు దగ్గి లారీ చాటున జేరితిమి. లోపము బండిది కాదు, మాదే. ముందటి దినమున క్రొత్త పిడులను ఎక్కించుచు, అవి బిగువుగా నుండుటచే లోపల కొబ్బరినూనె పూసియుంటిమి. పని సుళువైనదని సంతోషించితిమి కూడ!

ఇందలి కారణమును విద్యార్థులు తెలిసికొనదగును. పిడిని గొట్టముపై నిలుపునది మేకు గాదు, మర గాదు, రబ్బరుయొక్క సాగుడుతనమే. పెక్కు బండ్ల హ్యాండిలు గొట్టము వెలుపలి వ్యాసము 22 మిల్లీమీటర్లు. పిడిలోని రంధ్రము అంతకంటె కొంచెము చిన్నదిగా నుండును. సాగిన రబ్బరు మరల ముడుచుకొనజూచుచు గొట్టమును నలుదెసల నొత్తును. ఆ యొత్తిడివలన ఘర్షణ పుట్టును. నూనె నడుమ జేరినచో ఒత్తిడి యుండియు ఘర్షణ నశించును. పైగా నూనె యారునది గాదు, కాలక్రమమున రబ్బరును మెత్తబఱచును. సబ్బునీరన్ననో, ఎక్కించునపుడు జారుడును గలిగించి, పిదప నారిపోవును. మాకు గావలసియుండినది అదియే.

కుడిపిడికి మఱియొక విశేషము కలదు. అది హ్యాండిలుపై నేరుగా గూర్చుండదు. హ్యాండిలుపై దిరుగు ప్లాస్టిక్కు గొట్టముపై గూర్చుండును. అందుచేత దాని రంధ్రము ఎడమదానికంటె పెద్దది, సుమారు 25 మిల్లీమీటర్లు. ఒకదానిని రెండవదాని చోట వాడరాదు. బండినిబట్టి కొలతలు మారవచ్చును గనుక ముందుగా కొలుచుట మంచిది. ప్రయోగశాలలో వెర్నియరు పట్టుట నేర్చిన బాలురకు ఇది తగిన పని. (18 ఏండ్లు నిండి లైసెన్సు పొందువఱకు గేర్ల బండిని కొలువవచ్చును, తుడువవచ్చును, నడుపరాదు.)

పిడులు ఏల చెడును? పచ్చి రబ్బరు ఎండకు జిగటయై చలికి బిఱుసెక్కెడిది. 1839వ సంవత్సరమున అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనునతడు గంధకము చేర్చి కాచుటవలన ఆ దోషము తగ్గునని కనుగొనెను. నల్లని రంగు నిచ్చు మసి రబ్బరునకు బలమునిచ్చి, సూర్యకిరణములనుండి కొంత కాపాడును. అయినను వేసవిలో 40 డిగ్రీలు దాటు మన కడప యెండలో బండిని దినమంతయు నిలిపినచో ఎంతటి రబ్బరైనను క్రమముగా బీటలు వాఱును. చెమట, దుమ్ము, చేతినూనె దానికి తోడగును. పిడి జిగటగా నంటుచున్నను, బీటలు కనబడినను, మెలిపెట్టినపుడు స్థానము దప్పుచున్నను మార్పవలయును.

ఇక పని. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను చల్లారిన పిదప తాళము దీసికొనవలెను. హ్యాండిలు చివర బరువులు బిగించియున్నచో ముందు వానిని విప్పవలెను. పాత పిడి ఎటులైనను పారవేయునదియే గనుక బ్లేడుతో నిలువునా చీల్చుట సుళువు. బ్లేడు మనకు దూరముగా సాగవలెను. కుడివైపున లోతుగా గోయరాదు, క్రింది ప్లాస్టిక్కునకు గాటుపడును. పాత జిగురును స్పిరిటుతో తుడిచి ఆరనీయవలెను. కిరసనాయిలు పనికిరాదు, జిడ్డు మిగుల్చును. పెట్రోలు ఆవిరి నిప్పునకు చుట్టము. దానిని ఇంటిలో దెఱువనే కూడదు.

పిమ్మట పిడిలోపల రెండు మూడు చుక్కల సబ్బునీరు పోసి, మెలిత్రిప్పుచు ఒకే యూపున దోయవలెను. నడుమ ఆగినచో అచ్చటనే పట్టుకొనును. కుడిపిడిని స్విచ్చులపెట్టెకు ఆనునంతగా దోయరాదు. ఒక రూపాయిబిళ్ల మందమంత సందు విడువవలెను. వెలుపలి చివరయందును అంతే. లేనిచో పిడి రాచుకొని, చేయి విడిచినను వెనుకకు దిరుగక నిలిచిపోవును. జాఱిపోవు పిడికంటె బిగిసిపోయిన పిడి భయంకరము. జిగురు వాడువారు కూడ అది ప్లాస్టిక్కు గొట్టమునకును హ్యాండిలునకును నడుమ కాఱకుండ చూచుకొనవలెను.

ఆ రాత్రి బండిని ముట్టరాదు. మేము రెండవమాఱు మార్చినపుడు తెల్లవారువఱకు ఆగితిమి. ఉదయమున ఇంజను వేయకయే, హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పిదప నడిమికి, పిదప కుడికి ద్రిప్పి, ప్రతిచోట కుడిపిడిని పూర్తిగా దెఱచి విడిచితిమి. మూడుమాఱులును అది టప్పున వెనుకకు వచ్చెను. ఆ తరువాత రెండు చేతులతో గట్టిగా మెలిపెట్టి చూచితిమి. పిడి గొట్టముమీద వెంట్రుకవాసియైనను కదలలేదు. అప్పుడు గేరు లేకుండ ఇంజను వేసి, హ్యాండిలును మరల ఇరువైపులకు ద్రిప్పి చూచితిమి. ఇంజను చప్పుడు హెచ్చలేదు. పులివెందులకు మరల బయలుదేరితిమి.