వాలుపై మోటారు సైకిలు - హ్యాండ్ బ్రేకు

కారుకు, లారీకి, ఆటోరిక్షాకు హ్యాండ్ బ్రేకు కలదు. మోటారు సైకిలుకు లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 96వది తక్కిన వాహనములకు నిలుపుదల బ్రేకును విధించుచు, మోటారు సైకిలును అందుండి మినహాయించినది. అయినను 1988 నాటి చట్టములోని 126వ సెక్షను, చోదకుడు తన ఆసనమును విడుచునప్పుడు ఇంజను ఆపి, బ్రేకు వేసి గాని, బండి దానంతటది కదలకుండ వేరొక ఏర్పాటు చేసి గాని పోవలెనని అన్ని వాహనములకును సమముగా శాసించుచున్నది. అనగా మోటారు సైకిలువానికి విధి కలదు గాని సాధనము లేదు. ఈ సంగతిని మేము చట్టము చదివి తెలిసికొనలేదు. ఘాటు రోడ్డుపై తెలిసికొంటిమి.

దోర్నాల నుండి శ్రీశైలము పోవు నల్లమల దారిలో, వెనుక సామాను కట్టిన 350 సి.సి. బండిని ఒక దిగుడులో ఆపితిమి. బ్యాటరీ బలహీనముగా ఉండుటచే ఇంజను ఆపలేదు. గేరు న్యూట్రల్‌లో ఉన్నది. సైడ్ స్టాండు వేసి, సడలిన తాళ్ళు బిగించుటకు ఇద్దరము వెనుకకు పోయితిమి. బండి జానెడు ముందుకు జరిగెను. అంతే, స్టాండు ముడుచుకొని బండి మా మిత్రుని కాలిపై పడెను. సైలెన్సరు తగిలి పిక్క కాలినది. రోడ్డు అంచు అక్కడికి నాలుగు బారలు లేదు. ఇంజను ఆపకుండ దిగుట చట్టవిరుద్ధమని, అది మా తప్పేనని ఒప్పుకొనుచున్నాము.

కళాశాలకు తిరిగివచ్చిన పిదప ఈ పతనమును భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించితిమి. సైడ్ స్టాండు ముందుకు తెరచుకొని, వెనుకకు ముడుచుకొనును. బండి ముందుకు దొర్లినచో నేలనంటిన కాలు అక్కడనే ఆగిపోయి, బండికి సంబంధించినంతవరకు వెనుకకు పోవును, అనగా ముడుచుకొనును. బండి వెనుకకు దొర్లినచో అదే కాలు తన అడ్డునకు మరింత గట్టిగా ఆనుకొనును. కనుక వాలులో బండిని ఎల్లప్పుడు ముఖము మిట్టవైపు ఉండునట్లు నిలుపవలెను. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక బలముల మాట. సామానుతో కలిపి 240 కిలోల బండి, పదింట ఒకటి వాలుపై నిలిచినదనుకొందము. దానిని క్రిందికి లాగు బలము సుమారు 24 కిలోల బరువుకు సమానము. చక్రపు వ్యాసార్ధము 0.3 మీటరైనచో, చక్రము కడ భ్రామకము 7.2 కిలోగ్రామ్-మీటర్లు. మొదటి గేరులో చక్రము ఒక్కసారి తిరుగుటకు ఇంజను పదిసార్లకు మించి తిరుగవలెను గావున, క్రాంకు కడకు చేరు భ్రామకము 0.72 కన్న తక్కువే. సిలిండరులోని గాలి సంపీడనము దీనిని సులభముగా అడ్డగించును. అయితే నొక్కబడిన గాలి పిస్టను రింగుల సందుల నుండి మెల్లగా జారిపోవును. ఒక్కొక్కప్పుడు బండి ఒక కుదుపు కుదిపి మరల ఆగుట ఇందువలననే. గేరు వేసిన తరువాత బండిని వాలువైపు కొంచెము వదలి, చెయినులోని వదులు పూర్తిగా బిగిసిన పిమ్మట స్టాండు వేయుట మంచి అలవాటు.

గేరు ఉండగా వేరే బ్రేకు ఎందుకని అడుగవచ్చును. సామాను ఎక్కించునప్పటి కుదుపులకు గేరు పట్టు ఒక్కటే చాలదు. పైగా కొన్ని బండ్లకు ఆ పట్టు కూడ లేదు. 2017లో మన దేశమునకు వచ్చిన హోండా ఆఫ్రికా ట్విన్ డి.సి.టి. బండికి క్లచ్చి లీవరు లేదు. ఇంజను ఆపగానే న్యూట్రల్‌లోకి పోవును. అందుచేత దాని వెనుక డిస్కుకు కేబులుతో పనిచేయు రెండవ క్యాలిపరును కంపెనీవారే అమర్చిరి. మా దృష్టిలో సరియైన నమూనా ఇదియే.

చాలమంది యాత్రికులు ముందు బ్రేకు లీవరును రబ్బరు పట్టీతో కట్టివేయుదురు. డిస్కు బ్రేకు అయినచో కొంతసేపటికి ఇది చాలును; పట్టీ సాగు గుణము గలది గావున నూనె ఒత్తిడి కొంత తగ్గినను వెంటనంటి లాగును. కాని ముఖము మిట్టవైపున్న బండికి భారములో ఎక్కువ భాగము వెనుక చక్రముపై ఉండును. తేలికైన ముందు చక్రము గులకరాళ్ళపై బిగిసియుండియు జారగలదు. పాత బండ్లలోని రెండు లీడింగ్ షూల ముందు డ్రమ్ము విషయము మరియు విచిత్రము. చక్రము ముందుకు తిరుగునప్పుడు ఆ షూలు రెండును డ్రమ్ములోనికి లాగబడి తమంతట తామే బిగియును. వెనుకకు తిరుగునప్పుడు రెండును త్రోసివేయబడును. మిట్టలో వెనుకకు జారు బండిని పట్టుటకు ఇంతకన్న బలహీనమైన బ్రేకు లేదు.

బ్రేకు గొట్టమును కోసి నడుమ ఒక వాల్వు పెట్టి నూనెను బంధించు పద్ధతిని మేము ఒప్పుకొనము. ఘాటు దిగివచ్చిన బండి బ్రేకులు వేడిగా ఉండును. చల్లారిన కొలది నూనె కుంచించుకొని ఒత్తిడి పడిపోవును. సాయంకాలము కదలని బండి అర్ధరాత్రి కదలవచ్చును. అంతకన్న ముఖ్యముగా, ప్రాణాధారమైన బ్రేకు మార్గములో మరియొక అతుకు చేర్చుట వివేకము కాదు.

మా బండికి వెనుక బ్రేకు డ్రమ్ము. పెడలు నుండి వచ్చు కడ్డీ డ్రమ్ము చేతిని లాగును. ఆ చేతికే ఒక కేబులు తగిలించి, ఎడమ హ్యాండిలుపై పళ్ళచక్రముతో బిగిసి నిలుచు చిన్న లీవరునకు కలిపితిమి. కేబులు కొసన పొడవాటి గాడి గల కొక్కెము ఉంచుటచే, పెడలు త్రొక్కినప్పుడు దానికి అడ్డురాదు. చెయిను బిగించుటకు చక్రమును వెనుకకు జరిపిన ప్రతిసారి కడ్డీతోపాటు కేబులును సవరించవలెను. పిదప సెంటర్ స్టాండు వేసి చక్రము చేతికి స్వేచ్ఛగా తిరుగుచున్నదో లేదో చూడవలెను. సెంటర్ స్టాండుపై వెనుక చక్రము గాలిలో ఉన్నప్పుడు ఈ బ్రేకు వలన ప్రయోజనము లేదని వేరుగా చెప్పనక్కరలేదు.

కళాశాల వెనుక నున్న వాలుపై బండి గంటసేపు కదలక నిలిచినది. ఆ సంతోషములో లీవరు వదలుట మరచి రెండు కిలోమీటర్లు పోయితిమి. దిగి చూడగా డ్రమ్ము చేయి పెట్టలేనంత కాలియున్నది. మరునాడు లీవరు క్రింద ఒక స్విచ్చి, హెడ్‌లైటు ప్రక్కన ఒక ఎర్రని దీపము పెట్టితిమి. ఇప్పుడు లీవరు బిగించియున్నంతవరకు ఆ దీపము వెలుగుచునే యుండును.