మూలమును ముట్టకుము

చిరంజీవియగు మేనల్లునికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. గ్రంథాలయమువారి పాత వర్డ్‌ప్రెస్ సైటును క్రొత్త సర్వరునకు మార్చు భారము నీపై బడినదనియు, థీమ్ ఫైళ్లను నేరుగా దిద్దుచుండుటచేత పని చురుకుగా సాగుచున్నదనియు వ్రాసితివి. ఆ రెండవ మాట చదివినంతనే కలము పట్టితిని.

నాయనా, నేనును తొలినాళ్ల నట్లే చేసితిని. ఒక పత్రిక సైటునకు మంచి థీమ్ నొకదానిని తెచ్చి, తెలుగు ఫాంటు కొలతలను, శీర్షికల యమరికను, రచయితల పుటలను రెండు నెలలు శ్రమించి అందులోనే చేర్చి, ఒక సాయంకాలము అప్‌డేట్ నొక్కితిని. పాత ఫోల్డరు పోయి క్రొత్తది వచ్చి కూర్చున్నది. నా పని ఆనవాలైన మిగులలేదు. బ్యాకప్ ఉన్నదిగదా యని విప్పిచూడగా, అందులో డేటాబేస్ తప్ప ఫైళ్లు లేవు. దానిని తిరిగి యెక్కించి పరీక్షింపవలెనని నాకు అంతవరకు తోచనేలేదు.

కావున రూపమునకు సంబంధించిన మార్పు చైల్డ్ థీమ్‌లోను, వ్యవహారమునకు సంబంధించినది హుక్‌ల నాశ్రయించు చిన్న ప్లగిన్‌లోను ఉండవలెను. అయితే చైల్డ్ థీమ్‌లోనికి నీవు నకలు తెచ్చుకొన్న ఫైలునకు మాతృథీమ్‌లోని తరువాతి సవరణలు చేరవు గనుక, అవసరమైన ఫైళ్లను మాత్రమే తెచ్చి, ఏది యెందుకు తెచ్చితివో వ్రాసి యుంచుకొనుము.

కోర్‌ను అనగా మూల ఫైళ్లను కెలకవద్దని, వర్డ్‌ప్రెస్ వంటిదే యగు డ్రూపల్ వారు చెప్పుమాట కేవలము చాదస్తము కాదు. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లోని ఘోరమైన లోపమునకు సవరణ వెలువడగా, ఏడు గంటలలోగా దానిని వేసికొనని ప్రతి సైటును పరుల చేజిక్కినట్లే యెంచవలెనని వారి భద్రతాబృందమే పిమ్మట ప్రకటించినది. కోర్‌లో స్వంత వ్రాతలు చేర్చుకొన్నవాడు, ఏ వరుస తనదో ఏది మూలములోనిదో వెదకుకొనుచుండగానే ఆ గంటలు గడచిపోవును.

తెలుగు సైటున కింకొక యాపద గలదు. యూటీఎఫ్-8లో ‘తె’ యను ఒక్క యక్షరమునకే ఆరు బైట్లు పట్టును. ఆ బైట్లు పూర్వము లాటిన్1 అని పేర్కొన్న టేబుళ్లలో చేరియుండిన యెడల, పాత సర్వరు మీద చక్కగా కనబడిన తెలుగే క్రొత్తదానిపై వింత గుర్తులుగా మారును. అప్పుడు తొందరపడి నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చితివా, ఆ చెడిన రూపమే స్థిరపడును. ముందు ఆ కాలమ్‌ను బైనరీగా మార్చి, తరువాతనే యూటీఎఫ్8ఎంబీ4గా ప్రకటింపవలెను. ఇదియంతయు పరీక్షకై యుంచిన స్టేజింగ్ ప్రతిమీదనే సుమా! పుస్తకముల పేళ్లు, రచయితల పేళ్లు ఏండ్లతరబడి ఓపికతో టైపు చేసినవారి కష్టమది. ఒక్క వట్రసుడియైనను పోరాదు.

నెలాఖరున హైదరాబాదు వచ్చెదను. అప్పటికి స్టేజింగ్ సైటును సిద్ధపరచి, బ్యాకప్‌ను నా యెదుట ఖాళీ సర్వరుమీద ఎక్కించి చూపుము. అక్కయ్యకు నా నమస్కారములు తెలుపుము.

ఇట్లు,
నీ మేనమామ