నమ్మకం ముందా, అడుగు ముందా?

‘నీ మీద నీకు నమ్మకం ఉండాలి’ అని పిల్లలకు అందరూ చెబుతారు. మాట మంచిదే. అది విన్న కుర్రాడు ఇంటికెళ్లి ఏం చేయాలి? ఎండ కాస్తున్నప్పుడు బయట వాన పడుతోందని నమ్మి చూడండి. లక్ష రూపాయలిస్తామన్నా నమ్మలేరు. నమ్మినట్టు నటించగలరు, అంతే. చూసినదాన్ని, విన్నదాన్ని, చేసినదాన్ని బట్టి నమ్మకం లోపల దానంతటదే ఏర్పడుతుంది. మన ఆజ్ఞకు లొంగదు.

ఫ్రెంచి గణితవేత్త పాస్కల్‌కు ఈ చిక్కు తెలుసు. ఆయన పోయాక 1670లో అచ్చయిన పుస్తకంలో, దేవుణ్ణి నమ్మాలని ఉన్నా నమ్మలేకపోతున్నవాడికి ఒక ఉపాయం చెప్పాడు: విశ్వాసులు చేసేవన్నీ నువ్వూ చెయ్యి, పవిత్రజలం తీసుకో, చర్చిలో ప్రార్థనలు చేయించు, నమ్మకం వెనకాలే వస్తుంది. మనసు తీరు బాగా ఎరిగినవాడి మాట అది. అయినా నాకు ఆ దారంటే భయం. రోజూ నలుగురితో కలిసి చేస్తూపోతే అబద్ధమైనా నిజంలాగే అలవాటైపోతుంది.

విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన గోరా, సరస్వతీ గోరా దంపతులది ఇంకో దారి. భక్తి, నిష్ఠ ఉంటేనే నిప్పుల గుండంలో కాళ్లు కాలవని మన జాతరల్లో గట్టి నమ్మకం. 1960లలో వాళ్లు ఉపన్యాసాలతో సరిపెట్టకుండా చాలాచోట్ల గుండం తొక్కే కార్యక్రమాలే పెట్టారు. మొక్కు లేదు, ఉపవాసం లేదు. కట్టెబొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పాదం దానికి ఆనేది క్షణకాలమే. కాళ్లు కాలకపోవడానికి కారణం అదీ. అలా నడిచి ఇవతలికి వచ్చినవాడు పాత నమ్మకాన్ని వదలాలని నిర్ణయించుకోనక్కర్లేదు. నిలుపుకోవాలన్నా అది నిలవదు.

రెండు దారుల్లోనూ అడుగే ముందు. కాకపోతే పాస్కల్ చెప్పిన పనుల్లో, మనం నమ్మింది తప్పయితే ఆ సంగతి బయటపడే వీలు లేదు. గుండంలో ఉంది.

‘నాకు లెక్కలు రావు’ అని తొమ్మిదో తరగతిలోనే నమ్మేసిన అమ్మాయిని తీసుకోండి. ఆ నమ్మకంతో లెక్కల జోలికే పోదు, పోదు కాబట్టి నమ్మకం చెక్కుచెదరదు. అద్దం ముందు నిలబడి ‘వస్తాయి, వస్తాయి’ అనుకోమని ఆమెకు చెప్పకండి. గైడు పక్కన పెట్టించి ఒక అభ్యాసంలోని లెక్కలన్నీ చేయించండి. కొన్ని తప్పుతాయి. తప్పినవి కలిసి చూడండి. భిన్నాల భాగహారం దగ్గరే పొరపాటు పడుతోందని తేలిందనుకోండి, ‘లెక్కలు రావు’ అన్నంత పెద్ద మాట కాస్తా ఆ ఒక్క పాఠానికి కుదించుకుపోతుంది. దాన్ని ఈ ఆదివారమే కూర్చుని నేర్చుకోవచ్చు.