ఐప్పసి వానకు ముందు గట్టు చూసుకోండి

పురట్టాసి చివరికొచ్చింది. రాజపాళయానికీ శ్రీవిల్లిపుత్తూరుకూ నడుమ, పడమటి కనుమల పాదాన ఉన్న మన మంసాపురం పొలాలకు అసలు వాన ఇకమీదటే. నైరుతి మబ్బు కేరళ వైపు కురిసి, కొండ దాటేసరికి చిక్కిపోతుంది. మన కణ్మాయిలు, అంటే చెరువులు, నిండేది ఐప్పసి, కార్తిగై వానలకే. ఆ మొదటి రెండు మూడు వానలకు గట్టు మీద, కాలువ పక్కన, కొబ్బరి పాదుల చుట్టూ లేచేదంతా ఒక్కసారే లేస్తుంది. అందులో కూరకు కోసుకునేది ఉంటుంది, దేవుడికి పెట్టేది ఉంటుంది, మేక నాలుగు ఆకులు కొరికితే తెల్లారేసరికి బతకనిదీ ఉంటుంది. మొలకగా ఉన్నప్పుడు వీటిని వేరుచేయడం పెద్దవాళ్లకే కష్టం.

అందుకే ఈసారి ఎరువుల మోతాదులు పక్కన పెట్టి మొక్కల గురించే రాస్తున్నాను.

మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడైంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం. అమ్మమ్మ కామంచి అన్న ఆకును ఆకుకూర కట్టలు అమ్మే ఆమె మణత్తక్కాళి అంటుంది. జిల్లేడు ఎరుక్కు, గురువింద కుండుమణి, నల్లేరు పిరండై, ముష్టి ఎట్టి. రెండు పేర్లూ తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు. పిల్లలకు మాత్రం ఒక భాషలో పేరు మిగిలి, ఇంకో భాషలోని హెచ్చరిక జారిపోతోంది. తెలుగులో గన్నేరుపప్పు అన్నామంటే విషమని వేరే చెప్పనక్కర్లేదు. అదే మొక్కను అరళి అంటే పూలబుట్ట గుర్తొస్తుంది. సంపెంగ సంగతీ అంతే. మనం సంపెంగ అనే చెట్టుపూవు ఇక్కడి తమిళులకు షెణ్బగం, శ్రీవిల్లిపుత్తూరు దగ్గర కొండ కింద షెణ్బగత్తోప్పు పేరు దాని మీదే వచ్చింది. వీళ్లు సంపంగి అనేది ఆంధ్రలో లిల్లీ అని అమ్మే గడ్డపూవు. పూల విషయంలో ఈ తికమక వల్ల నష్టం లేదు. ఆకు, దుంప, గింజ దగ్గరికి వచ్చేసరికి ఉంది.

గన్నేరుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాని వల్ల నేను నష్టపోయాను. ఒక ఏడు వానలకు ముందు ఇంటి ముందరి ఎర్ర గన్నేరు గుబురుగా పెరిగిందని కొమ్మలు కొట్టి గట్టు మీద పడేశాను. పచ్చి ఆకును మేకలు మూతి పెట్టి వదిలేశాయి. నాలుగు రోజులకు ఆకు వాడి, ఎండి, చేదు తగ్గిందేమో, సూడి మేక ఒకటి తినేసింది. సాయంత్రానికి నోట చొంగ, కాళ్లు వణకడం, గుండె చేయి పెడితే ఒకసారి దడదడ, ఒకసారి అసలు ఆగినట్టు. రాత్రి దాటలేదు. గన్నేరులో గుండె లయను చెడగొట్టే గ్లైకోసైడ్లు ఆకు, బెరడు, పూవు, వేరు అన్నిటా ఉంటాయి, ఎండినా పోవు. పచ్చగన్నేరు, అంటే పసుపు గంటల్లాంటి పూలు పూసి కోణాలున్న ఆకుపచ్చ కాయ కాసేది, వేరే మొక్కే అయినా విషం ఆ తరహాదే. కాయలోని గట్టి గింజ పిల్లలకు ఆటవస్తువులా కనిపిస్తుంది. కత్తిరించిన కొమ్మలు వెంటనే గోతిలో పూడ్చండి. పొయ్యిలో పెట్టకండి, ఆ పొగ కూడా మంచిది కాదు.

కొండకు అవతలి వైపు 2024 మేలో ఒక నిర్ణయం జరిగింది. కేరళలో ఒక యువతి గన్నేరు ఆకు నమలడం వల్లే చనిపోయిందన్న వార్త వచ్చాక, తిరువాంకూరు దేవస్వం బోర్డు తన గుళ్లలో నైవేద్యానికీ ప్రసాదానికీ అరళి పూలు వాడకూడదని చెప్పింది. మన తమిళనాడు రైతుల్లో అరళి పూలు పండించి బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను ఆ పంట మానమని నేను అనను. నీటి ఎద్దడికి తట్టుకుంటుంది, పచ్చి ఆకు జోలికి పశువు రాదు, ఏడాదంతా పూస్తుంది. రోడ్ల నడుమ డివైడర్లలో దాన్నే నాటడానికి కారణాలు అవే. నేను అడిగేది రెండే: పూలు కోసిన చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకండి, తోట పక్కన మేకలను కట్టకండి.

మన పెద్దలు విష మొక్కలను దూరం పెట్టలేదు, గుర్తుపెట్టుకున్నారు. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ ఉన్నాయి. పిల్లవాడి చేత కోయించి, పేరు చెప్పి, పూజలో పెట్టించి, నోట పెట్టకూడదని చెప్పేవాళ్లు. ఏడాదికొకసారి జరిగే పాఠం అది. ఇప్పుడు పత్రి సంచిలో కట్టి అమ్ముతున్నారు, పేర్లు ఎవరూ చెప్పడం లేదు. పూజయ్యాక ఆ పత్రిని ఆవు ముందు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి మానండి.

ఇక గట్టు దగ్గరికి. వాన పడిన పది పన్నెండు రోజులకు కామంచి, ఉమ్మెత్త మొలకలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ వంకాయ, మిరప, టమాటా కుటుంబమే. కామంచి ఆకు పలచన, మెత్తన, నలిపితే పెద్దగా వాసన ఉండదు. ఉమ్మెత్త ఆకు వెడల్పు, అంచు ఎగుడుదిగుడు, నలిపితే ముక్కు తిప్పుకునే వాసన. పూత వస్తే అనుమానమే అక్కర్లేదు. కామంచిది వేలిగోరంత తెల్ల పూవు, నడుమ పసుపు ముద్ద, తరవాత మిరియాలంత కాయల గుత్తి. ఉమ్మెత్తది బూరలాంటి పొడవు పూవు, ముళ్ల కాయ. పూత రానిదాన్ని కూరకు కోయకండి అన్నది నా నియమం. ఉమ్మెత్త తిన్నవాళ్లకు నోరు ఎండిపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, కంటిపాప విచ్చుకుపోతుంది, ఏదేదో మాట్లాడతారు. దయ్యం పట్టిందని కూర్చుని కాలం పోగొట్టుకోకూడదు. కాయ పగలకముందే మొక్కను పీకేస్తే వచ్చే ఏటికి విత్తనం తగ్గుతుంది. కామంచి కాయను పచ్చిగా నమలనివ్వకండి. ఇక్కడి ఇళ్లలో మణత్తక్కాళి వత్తల్ చేసేవాళ్లు మజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి, నూనెలో వేయించే తింటారు. ఆ పద్ధతిలో ఒక్క మెట్టు కూడా తగ్గించవద్దు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఆ దురద కందలో ఉన్న సూదిమొనల్లాంటి కాల్షియం ఆక్సలేట్ పలుకులది. చేమలోనూ అవే. చింతపండు వేసి బాగా ఉడికిస్తే నాలుకకు అందవు. తవ్విన కందను కొన్నాళ్లు ఆరనిచ్చి వండడం కూడా మనవాళ్లకు తెలిసిన పనే. ఇప్పుడు పట్నం ఇళ్ల హాల్లో కుండీలో పెంచే డైఫెన్‌బాకియా, కిటికీకి పాకించే మనీప్లాంట్ ఈ కంద కుటుంబానివే. అవే సూదులు. వాటినెవరూ వండరు కాబట్టి విషం అలాగే ఉంటుంది. పాకే పిల్లవాడు ఆకు కొరికితే నాలుక వాచి గొంతు మూసుకుపోయినంత పనవుతుంది. ఒకటి పులుసులోకి వచ్చింది, ఇంకొకటి అలంకారానికి మిగిలింది. మొక్క మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఏ భాగం, ఏ వయసులో, ఎలా వండి, ఎవరు తింటారు అని అడగాలి.

ఈ ప్రశ్న జొన్న దగ్గర అన్నిటికన్నా గట్టిగా అడగాలి. వానాధారపు నల్లరేగడిలో జొన్న వేసేవాళ్లు వినండి. మోకాలెత్తు దాటని లేత జొన్నలో, నలిగినప్పుడు సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. వాన ముఖం చాటేసి వాడిన చేనులో ఇంకా ఎక్కువ. ఆ తరవాత ఒక వాన పడి, మోడు నుంచి పిలకలు తొడిగితే చూడటానికి పచ్చగా, లేతగా, ఆవుకు ఇష్టంగా ఉంటుంది. ఆ పిలకలే ప్రాణం తీసేవి. యూరియా ఎక్కువ పోసిన చేను అయితే మరీ ప్రమాదం. పూత వచ్చేదాకా పశువును దించకండి. మేత కరువై తప్పదనుకుంటే కోసి, పలచగా పరిచి, బాగా ఎండనిచ్చి వేయండి. ఎండేకొద్దీ ఈ విషం చాలావరకు ఎగిరిపోతుంది. గన్నేరుకూ దీనికీ ఇదే తేడా. మేసిన పశువు నురగ కక్కుతూ, ఎగశ్వాసతో తూలిందంటే నిమిషాలే మిగులుతాయి. పశువైద్యులు సోడియం నైట్రైట్, థయోసల్ఫేట్ సూదులతో చాలా పశువులను నిలబెట్టగలరు, వాళ్లు సమయానికి చేరితే. పశువైద్య సహాయానికి 1962 కు ఫోన్ చేయండి. కర్రపెండలం తొక్కలు, ఆకులు మేకలకు వేసేవాళ్లకూ ఇదే మాట, ఎండబెట్టనిదే వేయకూడదు.

రాజపాళయం అంటే లోకానికి తెల్ల కుక్క. తెల్లని ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, తోట కాపలాకు దానికి సాటి లేదు. ఆ కుక్కల కోసం ఒక మాట. కొబ్బరి పాదుల్లో ఆముదపు చెక్క వేస్తున్నాం. ఆముదం నూనెలో విషం లేదు, గానుగలో మిగిలిన చెక్కలో రైసిన్ ఉంటుంది. ఎముకల పొడి కలిపి వేస్తే ఆ వాసనకు కుక్క తవ్వుకుని తింటుంది. మొదట వాంతులు, తరవాత రక్తవిరేచనాలు. చెక్క వేసిన రోజే మట్టి కప్పి నీళ్లు పెట్టండి, బస్తా మూతి కట్టండి, వారం రోజులు కుక్కను పాదుల వైపు వదలకండి.

పూల విషయానికొస్తే, తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు, తమిళనాడు రాష్ట్ర పుష్పం చెంగాంతళ్. ఒకటి కూర వండుకోవచ్చు, కషాయం కాచుకోవచ్చు. ఇక్కడ ఆవారంపూ అని ఎండబెట్టి అమ్ముతారు. రెండోది నిలువెల్లా కాల్చిసిన్. తెలుగులో అగ్నిశిఖ, పొత్తిదుంప అన్నది దీన్నే. వానలకు కంచె మీద ఎగబాకుతుంది. ఆకు కొస సన్నగా చుట్టుకుని తీగలా పట్టుకుంటుంది, అదే గుర్తు. పూరేకులు పసుపుగా విచ్చుకుని, పైకి మడిచి, రోజు రోజుకూ ఎర్రబడతాయి. అంత అందమైన పూవును నేను ఎక్కువ చూడలేదు. దుంప నాగలి ఆకారంలో ఉంటుంది, తమిళంలో కలప్పైక్కిళంగు అనడం అందుకే. పొలం దున్నేటప్పుడు బయటపడితే చిలగడదుంప అనుకుని ఉడకబెట్టినవాళ్లు ఉన్నారు. ఉడికినా ఈ విషం పోదు. ఒట్టన్‌సత్తిరం, మూలనూరు వైపు రైతులు దీన్ని పందిళ్ల మీద పెంచి, పూవు పూవుకూ చేత్తో పుప్పొడి అద్ది, గింజను మందుల కంపెనీలకు అమ్ముతారు. గౌట్ వాతానికి మందు దాన్నుంచే. మంచి ఆదాయమే, కానీ కొనేవాడు ఎవరో తేల్చుకోకుండా, ఇంట్లో చిన్నపిల్లలు ఉండగా ఎవరూ మొదలుపెట్టకండి.

గురువింద గింజను బంగారం తూచడానికి వాడినంత కాలం అది పెట్టెలో ఉండేది. ఇప్పుడు తీగ మీదే ఉంది. మింగితే గట్టి పెంకు వల్ల చాలాసార్లు అలాగే బయటికి వస్తుంది. నమిలితే, లేదా దండ గుచ్చడానికి చిల్లు పెడితే కథ వేరు. కాయలు ఎండి పగలకముందే తీగను వేరుతో తీయండి.

కంచె గురించి. అడవి ఆముదం కొమ్మలు పాతితే ఇట్టే బతుకుతాయని మనవాళ్లు వేస్తారు. గింజ వేరుశెనగలా రుచిగా ఉంటుందని పిల్లలు తిని ఆసుపత్రి పాలవుతుంటారు. దాని బదులు ఈ వానకు మునగ, అవిసె పెట్టండి. పెరియకుళం ఉద్యాన కళాశాల ఇచ్చిన పీకేఎం-1 మునగ మన నేలకు బాగా వస్తుంది. అవిసె ఆకు మనకూ మేకకూ పనికొస్తుంది. అందం కావాలంటే మందార, శంఖుపువ్వు, రెండూ తినదగిన పూలే. కొండ కింద పొలాలవాళ్లు ఉన్నిచెడిని, అంటే తలంబ్రాల చెట్టును, ఈ నెలే వేళ్లతో తవ్వేయాలి. పూలమొక్కగా పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దేశంలోకి వచ్చి అడవిని ఆక్రమించింది. మేసిన పశువుకు కాలేయం చెడి, ఎండ తగిలిన చోట చర్మం ఊడుతుంది.

ఎవరైనా మొక్క తిని పడిపోతే ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు తాగించి కక్కించకండి. 108 కు చెప్పి, తిన్న కొమ్మనో కాయనో సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి. ఆ కొమ్మ చూస్తే డాక్టరుకు ఏ విషమో వెతుక్కునే పని తప్పుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ముందు కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి, తరవాతే బయలుదేరండి.

విష్ణుచిత్తుడి తులసి తోట, ఆముక్తమాల్యద కథ జరిగిన శ్రీవిల్లిపుత్తూరు మన పక్కనే. ఈ పురట్టాసిలోనే ఆండాళ్ మాల తిరుమల బ్రహ్మోత్సవానికి వెళ్లింది. ఆ తోటలో ఏ మొక్క ఎక్కడుందో ఆ ఇంటివాళ్లకు తెలిసే ఉంటుంది. మొదటి వాన వెలిసిన ఆదివారం మీరూ ఇంట్లో పెద్దామెను, బడి పిల్లలను వెంటబెట్టుకుని గట్టు చుట్టి రండి. పాత నోటుబుక్కులో మొక్కకొక పేజీ, ఒక ఆకు అంటించి, కింద తెలుగు పేరు, తమిళ పేరు, తినవచ్చా లేదా అన్నది రాయించండి. పిల్లవాడి దస్తూరీలోనే రాయించండి. గుర్తు తెలియని మొక్క ఉంటే కోయకుండా ఫొటో తీసి ఉద్యానశాఖ ఆఫీసులో చూపండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కు అడగండి.