ఊపిరి చేసే పొదుపు

మనసునూ ఊపిరినీ అదుపులో పెట్టుకుంటే ఒంటికి మేలన్న మాట పాతదే. ఆ మేలు ఎంతో యంత్రాల మీద కొలిచి చూసే పని సికింద్రాబాద్‌లో 1980లలోనే జరిగింది. కొలిచింది వేమన యోగా పరిశోధన సంస్థ. పేరులో వేమన ఉన్నా, పని మాత్రం ట్రెడ్‌మిల్ మీద. 1986లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఆరోగ్యంగా ఉన్న ఆరుగురు మగవారికి, ఆరుగురు ఆడవారికి 90 రోజులు యోగాలో తర్ఫీదు ఇచ్చారు. అంచెలంచెలుగా కష్టం పెంచుతూ నడిపించి, ఎంత గాలి పీలుస్తున్నారో, ఎంత ఆక్సిజన్ ఖర్చవుతోందో లెక్క తీశారు. తొలి అంచెల్లో మగవారికి అదే నడకకు మునుపటికన్నా తక్కువ ఆక్సిజన్ సరిపోయింది. ఆడవారిలో ఆ తేడా తేలలేదు. సాధన ఒకటే అయినా ఫలితం అందరికీ ఒకేలా రాదని అక్కడే బయటపడింది.

ఆ పరిశోధకులే తర్వాత క్రీడాకారుల్ని తీసుకున్నారు. 1994లో అచ్చయిన ఆ అధ్యయనం రెండేళ్లు నడిచింది. ఒక జట్టు మామూలు వ్యాయామంతో సరిపెట్టుకుంది, మరో జట్టు ప్రాణాయామం కూడా చేసింది. మొదటి ఏడాది చివర రెండు జట్ల సత్తువా పెరిగింది. అది వ్యాయామం గొప్పే. తేడా రక్తంలో కనిపించింది. కండరాలు కష్టపడేకొద్దీ పెరిగే లాక్టేట్ ప్రాణాయామం చేసినవారిలో విశ్రాంతి వేళ తగ్గింది. రెండో ఏడాది ముగిసేసరికి ఆ జట్టువారు ఎక్కువ పని చేస్తూనే, పనికి తగ్గ ఆక్సిజన్ వాడకాన్ని తగ్గించుకోగలిగారు. అంటే సాధన కొత్త బలాన్ని తెచ్చిపెట్టిందనడం కన్నా, ఉన్న బలాన్ని దుబారా కాకుండా వాడుకోవడం నేర్పిందనడం సబబు. 1997లో వెలువడిన మరో పరిశీలనలో కొద్ది వారాల ముమ్మర శిక్షణ తర్వాత మహిళలు చేయగలిగిన గరిష్ఠ పని 21 శాతం పెరిగింది. అయితే వాళ్లు ఆరుగురే. ఆ అంకెను ఊరంతటికీ అన్వయించడం తగదు.

జబ్బుపడ్డ ఒంటికి ఈ పొదుపు ఇంకా అవసరం. భయం, దిగులు పట్టుకున్నప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, రక్తంలోకి చక్కెర వచ్చి చేరుతుంది. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని 1915లోనే వర్ణించాడు. పరుగెత్తే అవసరం లేకపోయినా ఆ సన్నాహం నెలల తరబడి సాగితే, ఒంటి మరమ్మతుకు దక్కాల్సిన శక్తి దానికే పోతుంది. 1995లో అమెరికాలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం మతిమరుపు జబ్బున్న బంధువులకు సేవచేస్తున్న 13 మంది స్త్రీల చేతి మీద, ఆ భారం లేని మరో 13 మంది చేతి మీద ఒకే కొలతలో చిన్న గాయం చేసి చూసింది. సేవలో నలిగిపోతున్నవారి గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచం పట్టినవారిని చూసుకునే కోడలికో కూతురికో కూడా కాస్త తెరిపి కావాలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ పోరాట సన్నాహాన్ని విరమింపజేసే మార్గాల్లో చేతికందేది ఊపిరే. గుండె వేగాన్ని నేరుగా ఆజ్ఞాపించలేం, ఊపిరిని ఆజ్ఞాపించగలం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని మెల్లగా గాలి పీల్చి, అంతకన్నా మెల్లగా వదిలితే, వదిలేటప్పుడు నాడి కొద్దిగా నెమ్మదించడం చాలామందికి వేళ్లకే తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం ఆ క్షణంలో పగ్గం బిగిస్తుంది. నిమిషానికి సుమారు ఆరు శ్వాసల దగ్గర ఈ లయ బాగా కుదురుతుంది. 2001లో ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి బృందం జపమాల ప్రార్థననూ, ఒక బౌద్ధ మంత్రాన్నీ పరీక్షిస్తే, రెండూ శ్వాసను దాదాపు ఆరు దగ్గరికే చేర్చాయి. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చిలో జపమాల తిప్పేవారికీ, ఇంట్లో కూర్చుని మంత్రం జపించేవారికీ ఈ లెక్కతో పని లేదు, ఫలం మాత్రం అందుతూనే ఉండి ఉంటుంది.

కూర్చుని ఊపిరి గమనించడం కుదరనివారికి అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ పద్ధతి నయం. పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కో కండరాన్ని బిగించి వదలడమే అది. నిద్ర పట్టనివారు దీన్నే ముందు ప్రయత్నించవచ్చు.

హద్దులు కూడా తెలియాలి. ప్రాణాయామం వల్ల ఉబ్బసానికి మేలుందా అని హైదరాబాద్ వైద్యులు పరిశీలించి 1984లో ‘లంగ్ ఇండియా’లో ప్రచురించారు. అది పోల్చిచూసే రెండో జట్టు లేని పరిశీలన, కనుక ఆశ పుట్టించగలదే గాని తీర్పు చెప్పలేదు. తీర్పు చెప్పగలిగినంత పెద్దది యోగా-కేర్ అధ్యయనం. గుండెపోటు వచ్చిన 3,959 మందిని దేశంలోని 24 ఆస్పత్రుల్లో పరిశీలించి 2020లో ఫలితాలు అచ్చువేశారు. యోగా చేసినవారు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, పాత పనుల్లోకి మెరుగ్గా వెళ్లగలిగారు. మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్ల విషయంలో మాత్రం నిలబడే తేడా తేలలేదు. గుండె విషయంలోనే హద్దు ఇలా ఉంటే, ధ్యానంతో క్యాన్సర్ కరిగిపోతుందనే ప్రచారం అబద్ధమే కాదు, క్రూరం కూడా. జబ్బు తగ్గకపోతే మనసు సరిగా పెట్టలేదన్న నింద రోగి నెత్తిన పడుతుంది.

సాధన రోజూ విడవకుండా జరగాలి. సికింద్రాబాద్ ఫలితాలు వారాల మీద, నెలల మీద, ఏళ్ల మీద వచ్చినవి. వారం చేసి బీపీ మిషన్ ముందు కూర్చుంటే నిరాశే మిగులుతుంది. బీపీ, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగబట్టే కుంభకం జోలికి పోకూడదు. కడుపు ఆపరేషన్ అయినవారికి, పొట్టను విసురుగా లోపలికి లాగుతూ గాలి వదిలే కపాలభాతి పనికిరాదు. సాధన కుదిరి షుగర్, బీపీ దిగుతున్నప్పుడు పాత మోతాదులోనే మందు వేసుకుంటూ పోతే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే రీడింగులు తేదీలతో రాసిపెట్టుకుని చూపించాలి. వాటిని చూసి మాత్ర తగ్గించాల్సింది డాక్టరే.