వాద్యం నుండి వెండితెరకు: ఐజాక్ హేస్ కళాజీవితం – ఒక పరిశీలన

ఒక కళాకారుని గూర్చి వ్రాసేటప్పుడు అతడు పొందిన బహుమతులను లెక్కించడం పరిపాటి. అతడు సృష్టించిన కళాసంపద తుదకు ఎవరి స్వాధీనంలో నిలిచిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినవస్తుంది. అమెరికా నల్లజాతి సంగీతంలో వాద్యకారుడుగా ప్రారంభించి, రికార్డుల నిర్మాతయై, పిదప నటుడైన ఐజాక్ హేస్ జీవితాన్ని ఈ రెండు దృష్టులతోనూ పరిశీలించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశ్యం.

బాల్యం, విద్య

హేస్ 1942 ఆగస్టు 20న టెనెస్సీ రాష్ట్రంలోని కవింగ్టన్‌లో జన్మించాడు. పసితనంలోనే తల్లి మరణించింది. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. పరుల భూమిని పంటలో పాలుకు సాగుచేసే మాతామహులే అతనిని పెంచారు. పత్తిచేలలో పనిచేస్తూ, ఐదేళ్ల ప్రాయంలోనే చర్చిలో పాడుతూ అతడు పెరిగాడు. పియానో, ఆర్గన్, సాక్సోఫోన్ వంటి వాద్యాలను స్వయంకృషితో అభ్యసించాడు. కుటుంబం మెంఫిస్ నగరానికి చేరిన తరువాత పేదరికం వలన చదువు ఆగిపోయింది. అయినా ఉపాధ్యాయుల ప్రోత్సాహంతో తిరిగి బడిలో చేరి, 21 ఏళ్ల వయస్సులో ఉన్నత పాఠశాల విద్యను పూర్తిచేశాడు. సంగీతంలో కళాశాల చదువుకు ఉపకార వేతనాలు లభించే అవకాశం వచ్చినప్పటికీ, కుటుంబపోషణ భారం వలన వాటిని వదులుకొని మాంసం శుద్ధిచేసే కర్మాగారంలో కూలికి కుదిరాడు. రాత్రివేళల్లో మాత్రం వాద్యబృందాలతో కలిసి వాయించేవాడు.

రికార్డు నిర్మాత అంటే ఎవరు?

1964లో మెంఫిస్‌లోని స్టాక్స్ రికార్డింగు సంస్థలో హేస్‌కు ప్రవేశం లభించింది. అక్కడి ఆర్గన్ వాద్యకారుడు బుకర్ టి. జోన్స్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్నందున, ఆ స్థానంలో వాయించడానికి మనిషి కావలసివచ్చింది. జిమ్ స్టూవర్ట్, ఎస్టెల్ ఆక్స్‌టన్ అనే అన్నాచెల్లెళ్ల వలె గాక తమ్ముడూ అక్కగా ఉన్న ఇరువురు శ్వేతజాతీయులు ఒక పాత సినిమాహాలులో ఈ సంస్థను నెలకొల్పారు. జాతివివక్ష బలంగా ఉన్న ఆ నగరంలో నల్లవారూ తెల్లవారూ ఒకే గదిలో కూర్చుండి వాయించిన చోటు అది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. మన చలనచిత్ర పరిభాషలో నిర్మాత అంటే ధనం సమకూర్చేవాడు. రికార్డు నిర్మాత అట్లు కాదు. పాటను ఎన్నుకోవడం, ఏ శ్రుతిలో ఏ లయలో పాడించాలో నిర్ణయించడం, ఏ వాద్యం ఎక్కడ ప్రవేశించాలో చెప్పడం, పలుమార్లు పాడినవాటిలో ఏది నిలుపుకోవాలో తేల్చడం అతని విధి. మన సినిమాలలో సంగీత దర్శకుడు చేసే పనిలో అధికభాగం ఇదే. ఈ విద్యను హేస్ వాద్యం ముందు కూర్చుండియే నేర్చుకొన్నాడు. డేవిడ్ పోర్టర్‌తో కలిసి శామ్, డేవ్ అనే గాయకద్వయానికి 1966లో 'హోల్డ్ ఆన్, ఐయామ్ కమింగ్', 1967లో 'సోల్ మాన్' అనే ప్రసిద్ధ గీతాలను సమకూర్చాడు.

1968 సంవత్సరం స్టాక్స్‌కు విషమపరీక్ష అయింది. తమ రికార్డులను పంపిణీచేస్తున్న అట్లాంటిక్ సంస్థతో 1965లో వ్రాసుకొన్న ఒడంబడికలో, ఆ రికార్డుల మూలప్రతులపై హక్కు అట్లాంటిక్‌దే అన్న షరతు ఉన్నట్లు అప్పుడు బయటపడింది. పత్రాన్ని పూర్తిగా చదువకుండానే స్టూవర్ట్ సంతకం చేశాడు. ఆ ఏడాది ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ అదే నగరంలో హత్యకు గురయ్యాడు.

పోయిన సంపదను పూరించడానికి సంస్థ 1969లో ఒక్కసారిగా ఇరవైకి పైగా ఆల్బములను తయారుచేయించింది. వాటిలో హేస్ పాడిన 'హాట్ బటర్డ్ సోల్' ఒకటి. మూడు నిమిషాల పాటలే రేడియోలో చెల్లుతాయన్న నమ్మకం ప్రబలంగా ఉన్న కాలంలో, అందులో ఉన్నవి నాలుగే పాటలు. ఒకటి 18 నిమిషాలకు మించినది. శ్రోతలు దానిని ఆదరించారు. రికార్డును ఒక సమగ్ర రచనగా భావించే ధోరణికి నల్లజాతి సంగీతంలో అది బలం చేకూర్చింది.

చలనచిత్ర రంగం

1971లో గార్డన్ పార్క్స్ దర్శకత్వం వహించిన 'షాఫ్ట్' చిత్రానికి హేస్ సంగీతం సమకూర్చాడు. నాయకపాత్రకు తననూ పరీక్షిస్తారని అతడు ఆశించాడు గాని, ఆ పాత్ర రిచర్డ్ రౌండ్‌ట్రీకి దక్కింది. ఆ చిత్రగీతానికి 1972 ఏప్రిల్‌లో ఆస్కార్ బహుమతి లభించింది. ఉత్తమ గీతానికి ఆ బహుమతి పొందిన తొలి నల్లజాతి కళాకారుడు హేసే. తనను పెంచిన అమ్మమ్మను అతడు ఆ సభకు వెంటబెట్టుకొని వెళ్లాడు. 1974లో 'ట్రక్ టర్నర్' చిత్రంలో నాయకుడుగా నటించి, దానికి సంగీతమూ తానే కూర్చాడు.

పతనం, పునరుత్థానం

స్టాక్స్ సంస్థ 1975 చివర మూతపడింది. 1976లో హేస్ 60 లక్షల డాలర్లకు పైబడిన అప్పుతో దివాలా ప్రకటించాడు. ఇల్లూ ఆస్తులూ పోయాయి. అంతవరకు తాను రచించిన పాటలపై ముందు ముందు రావలసిన రాయల్టీ హక్కు కూడా పోయింది. ప్రపంచం పాడుకొంటున్న పాటల నుండి వాటి కర్తకు ఆదాయం లేని స్థితి ఏర్పడింది.

అప్పుడు అతనిని ఆదుకొన్నవాటిలో నటన ఒకటి. 1981లో 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్' చిత్రంలో ప్రతినాయకుడుగా నటించాడు. 1997 నుండి 2006 వరకు 'సౌత్ పార్క్' అనే టెలివిజన్ కార్టూన్ ధారావాహికలో వంటవాని పాత్రకు గాత్రమిచ్చి కొత్త తరానికి పరిచితుడయ్యాడు. ఆఫ్రికాలోని ఘానాదేశంలో ఆడా ప్రాంతంవారు అతనికి రాజగౌరవమిచ్చి సత్కరించగా, అతడు అక్కడ పాఠశాల నిర్మాణానికి తోడ్పడ్డాడు. 2008 ఆగస్టు 10న మెంఫిస్ వద్ద మరణించాడు.

మనం గ్రహించవలసినది

ఈ చరిత్రలో ఒకే పొరపాటు రెండు రూపాలలో కనిపిస్తుందని మా అభిప్రాయం. 1968లో ఒక సంస్థ, 1976లో ఒక కళాకారుడు తమ సృష్టిపై హక్కును కోల్పోయారు. ఇరువురికీ ప్రతిభలో లోపం లేదు. ఒడంబడికలూ జమాఖర్చులూ వారికి ప్రతికూలించాయి. మన దేశంలో కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ ఈ విషయంలో గమనింపదగినది. సినిమా పాటను థియేటరులో చిత్రంతోపాటు గాక ఇతరత్రా వినియోగించినప్పుడు, గీతరచయితకూ స్వరకర్తకూ రావలసిన రాయల్టీ భాగాన్ని నిర్మాతకు వ్రాసి ఇచ్చివేయడానికి ఆ సవరణ వీలు కల్పించదు. తెలుగు, ఉర్దూ భాషలలో పాట వ్రాసేవారికీ స్వరం కూర్చేవారికీ ఈ రక్షణ సమానంగా వర్తిస్తుంది.

అయితే చట్టంలోని రక్షణ దానిని తెలిసినవారికే సంపూర్ణంగా అక్కరకు వస్తుంది. మన కళాశాల వార్షికోత్సవాలలో పాడే, వాయించే, నటించే విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారిలో కొందరైనా రేపు కళనే జీవనోపాధిగా స్వీకరించవచ్చు. వాణిజ్యశాస్త్ర, న్యాయశాస్త్ర అధ్యాపకులచే ఏడాదికి ఒకటి రెండు ఉపన్యాసాలైనా ఈ విషయంపై ఇప్పించడం ఉచితమని కళాశాల కమిటీవారికి మనవి చేస్తున్నాము. రాగతాళాలు నేర్చిన విద్యార్థి తాను సంతకం చేయబోయే కాగితాన్ని కూడా చదువగలిగితే, అతని కృషిఫలం అతని ఇంటికే చేరుతుంది.