పది మెగావాట్ల బ్యాటరీకీ ఫ్రీక్వెన్సీ బాధ్యతా?

ప్రశ్న: అమెరికాలో మా కంపెనీ 10 మెగావాట్ల బ్యాటరీ కేంద్రం పెడుతోంది. ఇంత చిన్నదానికీ ఫ్రీక్వెన్సీ నిబంధన తప్పదా?

జవాబు: తప్పదండీ. సమాఖ్య నియంత్రణ సంస్థ ఫెర్క్ 2018లో ఇచ్చిన 842వ ఉత్తర్వు, దాని పరిధిలో గ్రిడ్‌కు కలిసే 20 మెగావాట్ల లోపు కొత్త కేంద్రాలకూ వర్తిస్తుంది. (టెక్సాస్‌లో అయితే అక్కడి గ్రిడ్ నిర్వాహక సంస్థ ఎర్కాట్ నిబంధనలు వేరు.) ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్‌కు అటూ ఇటూ 0.036 హెర్ట్జ్ దాటితే బ్యాటరీ తనంతట తానే స్పందించాలి. డ్రూప్, అంటే పూర్తి సామర్థ్యం మేర స్పందించడానికి ఫ్రీక్వెన్సీ ఎంత శాతం మారాలన్న లెక్క, 5 శాతం మించకూడదు. ఈ లెక్కన ఫ్రీక్వెన్సీ 59.9 హెర్ట్జ్‌కు పడితే మీరు అదనంగా ఇచ్చేది సుమారు 213 కిలోవాట్లే. భయపడేంత లేదు.

అసలు తిరకాసు బ్యాటరీలో నిల్వ ఉండే ఛార్జి దగ్గర. ఛార్జి ఎంత శాతం నుంచి ఎంత శాతం దాకా ఉన్నప్పుడు స్పందించాలో గ్రిడ్ అనుసంధాన ఒప్పందంలో రాయించుకోవాలి. ఆ పరిధి దాటితే బాధ్యత లేదు. ఇందుకోసం ఛార్జి దాచి ఉంచమని ఉత్తర్వు అడగదు. ప్రత్యేక చెల్లింపూ ఇప్పించదు, అదే నాకు నచ్చదు. సంతకానికి ముందు ఆ శాతాలు సరిచూసుకోండి.